సలహాదారుల నుంచి ఐదు లక్షల సైన్యం దాకా: వియత్నాంలో అమెరికా ఒక్కో మెట్టు ఎలా ఎక్కింది?

తీరరేఖ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. వియత్నాం యుద్ధం మీద తెలుగులో దొరికే వ్యాసాల్లో యుద్ధం ఎలా సాగిందో బాగానే ఉంటుంది. అమెరికా అందులోకి ఎలా దిగిందన్నది మాత్రం ‘టోంకిన్ సంఘటన తర్వాత సైన్యం పంపారు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. 1960 చివర్లో అక్కడున్న అమెరికా సైనికులు సుమారు 900 మంది. 1969 ఏప్రిల్ నాటికి 5,43,400. ఇంత పెరిగినా అమెరికా కాంగ్రెస్ ఒక్కసారి కూడా యుద్ధం ప్రకటించలేదు.

నాకు కావలసింది పనివిధానం. ఏ తేదీన, ఏ ఉత్తర్వుతో, ఏ కారణం చెప్పి ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు వెళ్లారు? డబ్బు ఎలా మంజూరైంది? మనుషుల్ని ఎక్కణ్ణుంచి తెచ్చారు? వద్దన్నవాళ్లు ఎవరూ లేరా? తెలిసినవాళ్లు వివరంగా రాయగలరు.

పాతదస్త్రం

తీరరేఖ గారూ, ముందొక సూచన. సైనికుల సంఖ్య పెరగడాన్ని చూస్తూ కూర్చుంటే ఈ కథ అర్థం కాదు. వాళ్లకు అప్పగించిన పని ఎప్పుడు మారిందో చూడండి. ప్రతిసారీ పని ముందు మారింది, సంఖ్య దాని వెనక పెరిగింది.

మొదటి దశ సలహాదారులది. 1950లో అధ్యక్షుడు ట్రూమన్ కాలంలోనే సైగాన్‌లో సైనిక సహాయ సలహా బృందాన్ని పెట్టారు. అప్పటికి దాని పని అక్కడి వలస పాలకులైన ఫ్రెంచివాళ్లకు ఇచ్చే ఆయుధాల లెక్క చూడటం. 1954 జెనీవా ఒప్పందంతో దేశం 17వ అక్షాంశం దగ్గర రెండయ్యాక అదే బృందం దక్షిణ వియత్నాం సైన్యానికి శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది.

1961 అక్టోబరులో అధ్యక్షుడు కెనడీ పంపగా ఆయన సలహాదారులు జనరల్ మాక్స్‌వెల్ టేలర్, వాల్ట్ రోస్టో సైగాన్ వెళ్లొచ్చారు. సుమారు 8,000 మంది సైనికుల్ని పంపమని టేలర్ సిఫారసు. మెకాంగ్ డెల్టాలో అప్పుడే వరదలొచ్చాయి కాబట్టి వరద సాయం పేరుతో పంపొచ్చన్నది ఆలోచన. కెనడీ పోరాట దళాలకు ఒప్పుకోలేదు. వాటికి బదులు హెలికాప్టర్లు, పైలట్లు, నిఘా విమానాలు, ఇంకా ఎక్కువమంది సలహాదారులు వెళ్లేలా నవంబరు 22న ఎన్‌ఎస్‌ఏఎం 111 అనే ఉత్తర్వు వెలువడింది (ఎన్‌ఎస్‌ఏఎం అంటే అధ్యక్షుడి జాతీయ భద్రతా నిర్ణయాన్ని శాఖలకు తెలిపే పత్రం). పెద్ద కోరికను తోసిపుచ్చి మధ్యస్థమైనదానికి ఒప్పుకోవడం చూసేవాళ్లకు సంయమనంలా కనిపిస్తుంది. ఈ యుద్ధంలో మెట్లు చాలావరకు ఇలాగే ఎక్కారు.

1961 డిసెంబరు 11న ‘కోర్’ అనే నౌక ముప్పైకి పైగా హెచ్-21 హెలికాప్టర్లు, 400 మంది సిబ్బందితో సైగాన్ రేవుకు చేరింది. నడిపేది అమెరికన్లు, ఎక్కేది దక్షిణ వియత్నాం సైనికులు. కింద నుంచి కాల్పులు జరిగితే తిరిగి కాల్చాలి కదా? అలా సలహాదారుడి చేతికి తుపాకీ వచ్చింది. ‘ఫార్మ్ గేట్’ పేరుతో పంపిన టి-28, బి-26 విమానాలది ఇంకో పద్ధతి. వెనక సీట్లో ఒక వియత్నామీయుడు కూర్చుంటే దాన్ని శిక్షణ కింద లెక్కగట్టేవారు. బాంబులు వేసేది ముందున్న అమెరికా పైలట్టే.

1962 ఫిబ్రవరి 8న సలహా బృందం మీద ఎంఏసీవీ అనే పూర్తిస్థాయి సైనిక కమాండ్ పెట్టి జనరల్ హార్కిన్స్‌ను కూర్చోబెట్టారు. నా దృష్టిలో ఇది టోంకిన్ కన్నా ముఖ్యమైన తేదీ. కమాండ్ అంటూ ఏర్పడితే దానికి ప్రణాళిక విభాగం ఉంటుంది. ప్రణాళిక విభాగం ఉంటే ‘ఇంకో బెటాలియన్ ఉంటే ఏం చేయొచ్చు’ అన్న కాగితం దానంతటదే తయారవుతుంది. 1962 చివరికి సుమారు 11,300 మంది, 1963 చివరికి 16,300.

నల్లరేగడి

పైన చెప్పింది సరైనదే. 1964–65 నేను అందుకుంటాను. అసలు మలుపులన్నీ ఆ పన్నెండు నెలల్లోనే ఉన్నాయి.

మొదట అధికారం సంపాదించారు. 1964 ఫిబ్రవరి నుంచి 34-ఏ అనే రహస్య ప్రణాళిక కింద దక్షిణ వియత్నాం పడవలు ఉత్తర తీరం మీద దాడులు చేస్తున్నాయి. ప్రణాళిక, పడవలు అమెరికావి. జులై 30 రాత్రి హోన్ మే, హోన్ ఎన్గూ దీవుల మీద అలాంటి దాడి జరిగింది. అదే సముద్రంలో, అంటే టోంకిన్ సింధుశాఖలో, ఎలక్ట్రానిక్ నిఘాకు వెళ్లిన ‘మాడాక్స్’ అనే అమెరికా డిస్ట్రాయర్ (యుద్ధనౌక) మీద ఆగస్టు 2న ఉత్తర వియత్నాం టార్పెడో పడవలు వచ్చి పడ్డాయి. ఆ దాడి నిజం. ఆగస్టు 4 రాత్రి జరిగిందన్న రెండో దాడి మాత్రం జరగలేదు. సోనార్ శబ్దాలు, వాతావరణం, సిబ్బంది కంగారు మీద అనుమానం ఉందని అక్కడి కమాండర్ హెరిక్ అదే రోజు తంతి పంపాడు. అది చేతికి వచ్చినా వాషింగ్టన్ ఆగలేదు. నిఘా సంకేతాలను దాడి జరిగినట్టు కనిపించేలా పేర్చారని అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ సొంత చరిత్రకారుడే రాశాడు, ఆ అధ్యయనం 2005లో బయటపడింది.

ఆగస్టు 7న అమెరికా కాంగ్రెస్‌లో టోంకిన్ తీర్మానం పాసైంది. ప్రతినిధుల సభలో 416–0, సెనేట్‌లో 88–2. వ్యతిరేకించింది వేన్ మోర్స్, ఎర్నెస్ట్ గ్రూనింగ్ ఇద్దరే. గమనించాల్సింది, ఇలాంటి తీర్మానం ముసాయిదా అప్పటికి రెండు నెలల ముందే విదేశాంగ శాఖ అధికారి విలియం బండీ ఆధ్వర్యంలో సిద్ధమై ఉంది. సంఘటన వచ్చాక కాగితం రాయలేదు, కాగితం సంఘటన కోసం ఎదురుచూసింది. అందులో ‘అవసరమైన అన్ని చర్యలు’ అన్న మాటకు గడువు లేదు, సంఖ్య లేదు, భౌగోళిక హద్దు కూడా ఆగ్నేయాసియా అంతటిది.

తర్వాతది బాంబింగ్. 1965 ఫిబ్రవరి 7న ప్లేకూ దగ్గర క్యాంప్ హోలోవే మీద దాడిలో 8 మంది అమెరికన్లు చనిపోయారు, వందమందికి పైగా గాయపడ్డారు. గంటల్లోనే ప్రతీకార బాంబింగ్. 10న కీన్యోన్‌లో 23 మంది చనిపోతే మళ్లీ బాంబింగ్. ఆ రెండూ ‘దానికి ఇది’ అన్న లెక్కలో జరిగాయి. ఫిబ్రవరి 13న అధ్యక్షుడు జాన్సన్ ఆమోదించిన ‘రోలింగ్ థండర్’ అనే బాంబింగ్ కార్యక్రమానికి ఆ లెక్క లేదు. అది మార్చి 2న మొదలై 1968 అక్టోబరు చివరిదాకా నడిచింది. ప్రతీకారం నుంచి నిరంతర దాడికి మారడం పెద్ద విధాన మార్పు. దాన్ని దేశానికి ప్రత్యేకంగా ప్రకటించలేదు.

ఇక్కడి నుంచి ఒక్కో మెట్టు వెంట ఇంకోటి వచ్చేసింది. బాంబర్లు ఎగరాలంటే డానాంగ్ విమానాశ్రయం కావాలి. డానాంగ్‌కు కాపలా కావాలి. ఫిబ్రవరి 22న, అప్పటికి ఎంఏసీవీ అధిపతిగా ఉన్న జనరల్ వెస్ట్‌మోర్‌లాండ్ రెండు మెరైన్ బెటాలియన్లు అడిగాడు. మార్చి 8న సుమారు 3,500 మందితో అవి దిగాయి. వియత్ కాంగ్ (దక్షిణాదిలోని కమ్యూనిస్టు గెరిల్లాలు)పై రోజువారీ చర్యల్లో పాల్గొనకూడదని వాళ్ల ఉత్తర్వులో స్పష్టంగా ఉంది.

కాపలా ఎందుకు కాపలాగా ఉండదో కొలతల్లో చూడండి. మోర్టార్ గుండు మూడు, నాలుగు కిలోమీటర్లు పోతుంది. రన్‌వే కంచె దగ్గర నిలబడ్డవాడు మోర్టార్‌ను ఆపలేడు. కాబట్టి గస్తీ నాలుగు కిలోమీటర్ల అవతలికి జరగాలి. ఆ వలయంలో ఊళ్లున్నాయి, జనం ఉన్నారు, ఎవరు ఎవరో తెలియదు. వలయం ఎంత పెద్దదైతే చుట్టుకొలత అంత పెరుగుతుంది, మనుషులు అంత చాలరు. విమానాశ్రయం కాపలా అని అడిగిన రోజే పోరాటం అడిగినట్టు. సైగాన్‌లో రాయబారిగా ఉన్న మాక్స్‌వెల్ టేలర్ ఇది ముందే చూశాడు. ఒక్కసారి ఈ విధానాన్ని దాటితే తర్వాత గీత నిలబెట్టడం చాలా కష్టమని ఆ ఫిబ్రవరి 22నే తంతి పంపాడు. 1961లో 8,000 మంది కావాలన్న మనిషే ఈయన.

ఏప్రిల్ 6 నాటి ఎన్‌ఎస్‌ఏఎం 328 మీరు తప్పకుండా చదవాలి. చిన్న పత్రమే. అందులో 18,000 నుంచి 20,000 మంది సహాయక సిబ్బంది, ఇంకో రెండు మెరైన్ బెటాలియన్లు ఉన్నాయి. మెరైన్లను ‘మరింత చురుకుగా’ వాడుకునేలా పని మార్చారు. చివరి పేరాలో ముందస్తు ప్రచారం జరగకుండా అన్ని జాగ్రత్తలూ తీసుకోవాలనీ, ఈ కదలికలు విధానంలో ఆకస్మిక మార్పులా కనిపించకూడదనీ రాశారు. దాచాలన్న ఆదేశం సైనిక ఆదేశంతో పాటే ఒకే కాగితంలో ఉంది. జూన్ 8న విదేశాంగ శాఖ ప్రతినిధి విలేకరుల ముందు పోరాట పాత్ర సంగతి ఒప్పుకుంటే, మర్నాడే శ్వేతభవనం పనిలో ఏ మార్పూ లేదని ప్రకటన ఇచ్చింది.

జూన్ 7న వెస్ట్‌మోర్‌లాండ్ మొత్తం 44 బెటాలియన్లు కావాలన్నాడు. జులై 28న జాన్సన్ మధ్యాహ్నపు విలేకరుల సమావేశంలో సంఖ్యను 75,000 నుంచి 1,25,000కు పెంచుతున్నామనీ, తర్వాత అవసరమైనప్పుడు ఇంకా పంపుతామనీ చెప్పాడు. రక్షణ మంత్రి మెక్‌నమారా జులై 20న తన ముందు పెట్టిన లెక్క 1,75,000 అని చెప్పలేదు. ఏడాది చివరికి అక్కడున్నది 1,84,300 మంది.

తీరరేఖ

నల్లరేగడి గారూ, మోర్టార్ లెక్కతో విషయం బాగా స్పష్టమైంది. మరి డబ్బు, మనుషుల సంగతి? రిజర్వు దళాల్ని ఎందుకు పిలవలేదు?

లెక్కలపద్దు

డబ్బు గురించి నేను చెబుతాను. మే 4, 1965న జాన్సన్ కాంగ్రెస్‌ను 70 కోట్ల డాలర్లు అదనంగా అడిగాడు. ఆ మొత్తం ఆయనకు అత్యవసరం కాదు, రక్షణ శాఖలో ఉన్న నిధులతోనే కొంతకాలం నడిపించగలడు. దీనికి ఓటేస్తే నా విధానానికి ఓటేసినట్టేనని స్వయంగా సందేశంలో రాశాడు. రెండు మూడు రోజుల్లో పాసైంది. ప్రతినిధుల సభలో 408–7, సెనేట్‌లో 88–3. అప్పటికే రంగంలో ఉన్న సైనికుడికి డబ్బు ఆపానన్న పేరు ఏ సభ్యుడూ కోరుకోడు. ముందు సైన్యాన్ని పంపి తర్వాత బిల్లు పెడితే సభకు మిగిలే దారి అవుననడమే. ఆగస్టులో ఇంకో 170 కోట్లు, 1966 జనవరిలో 1,200 కోట్లకు పైగా. మొదట చిన్న మొత్తం, సంస్కరణల బిల్లులు గట్టెక్కాక పెద్ద మొత్తం.

పన్ను పెంచమని ఆర్థిక సలహాదారులు 1965 చివర్లోనే చెప్పారు. 10 శాతం సర్‌చార్జి చట్టం వచ్చింది 1968 జూన్‌లో. ఈలోగా 1967 ఆర్థిక సంవత్సరం బడ్జెట్‌ను యుద్ధం 1967 జూన్ 30కి ముగుస్తుందన్న ఊహ మీద తయారుచేశారు. ఆ తేదీకి సైనిక ఆధారం ఏమీ లేదు, అది పద్దు ముగిసే రోజు. ఫలితంగా మళ్లీ అదనపు బిల్లు. 1965లో 2 శాతం లోపున్న ధరల పెరుగుదల 1969కి 5 శాతం దాటింది.

రిజర్వుల విషయం ఇంకా బాధాకరం. జులైలో మెక్‌నమారా సుమారు 2,35,000 మందిని పిలవమన్నాడు. జాన్సన్ కాదన్నాడు. రిజర్వులంటే ఊళ్లో ఉద్యోగాలు చేసుకుంటున్న పెళ్లయినవాళ్లు, వాళ్లను పిలిస్తే దేశమంతా చర్చ లేస్తుంది. అప్పుడే వృద్ధుల వైద్య బీమా కోసం తెచ్చిన మెడికేర్ బిల్లు (జులై 30న సంతకం), ఓటుహక్కు చట్టం (ఆగస్టు 6) చివరి దశలో ఉన్నాయి. యుద్ధం మీద పూర్తి చర్చ పెడితే అవి పోతాయని ఆయన భయం. బదులుగా నిర్బంధ భర్తీని నెలకు 17,000 నుంచి 35,000కు పెంచాడు.

దీనివల్ల ఏం చెడిందో చూడండి. సైన్యాన్ని విస్తరించడానికి తయారై ఉన్న అధికారులు, అనుభవమున్న సార్జెంట్లు రిజర్వుల్లోనే ఉంటారు. వాళ్లు లేకుండా పెంచాలంటే ఐరోపాలో, స్వదేశంలో ఉన్న యూనిట్లను ఖాళీ చేయాలి. సైనికుడికి పన్నెండు నెలల విడత, మెరైన్‌కు పదమూడు, బెటాలియన్ కమాండర్‌కు చాలాచోట్ల ఆరే. నేర్చుకునేసరికి ఇంటికి వెళ్లే వేళ. కొత్తవాడు అదే పొరపాటు మళ్లీ చేస్తాడు. ఒక సార్జెంట్ తయారవడానికి ఏళ్లు పట్టేది, 1967కల్లా కొన్ని నెలల కోర్సుతో చారలు కుట్టి పంపారు.

ఇంకోటి, పోరాడేవాళ్ల కన్నా వెనకుండేవాళ్లే ఎక్కువ. 1965లో సైగాన్ తప్ప చెప్పుకోదగ్గ లోతైన రేవు లేదు, సరుకు ఓడలు దించుకునే చోటు కోసం వారాల తరబడి సముద్రంలో ఆగాయి. కామ్‌రాన్ అఖాతంలో ఇసుక మీద కొత్త రేవు కట్టడానికి దక్షిణ కరోలినా నుంచి తేలే జెట్టీని లాక్కొచ్చారు. రేవు, గోదాము, రోడ్డు, వాటికి కాపలా. కట్టిన ప్రతిదీ కాపాడాల్సిన ఇంకో చోటు అయింది. వెనక్కి రావడం కష్టమయ్యేది ఇలాంటి కాంక్రీటు వల్ల కూడా.

ఎదురుగాలి

పై రాతలన్నీ చదివితే అమెరికా తెలియక జారిపోయిందన్న అభిప్రాయం కలుగుతుంది. దాంతో నేను ఏకీభవించను. వాళ్లకు తెలుసు.

1964 మే 27న జాన్సన్ ఫోన్‌లో తన జాతీయ భద్రతా సలహాదారు మెక్‌జార్జ్ బండీతో మాట్లాడిన టేపు ఉంది. ఇది పోరాడదగ్గ చోటు కాదనీ, అలాగని బయటపడే దారీ కనిపించడం లేదనీ ఆయనే అన్నాడు. 1964 సెప్టెంబరులో పెంటగాన్ ఆడిన సిగ్మా యుద్ధక్రీడలో బాంబింగ్‌తో హనోయ్ (ఉత్తర వియత్నాం ప్రభుత్వం) లొంగదని తేలింది. 1965 ఫిబ్రవరిలో ఉపాధ్యక్షుడు హంఫ్రీ, ఎన్నికల్లో గెలిచిన మరుసటి ఏడాదే బయటపడటానికి సరైన సమయమని లేఖ రాస్తే ఆయన్ని కీలక సమావేశాలకు పిలవడం మానేశారు. విదేశాంగ శాఖలో రెండో స్థానంలో ఉన్న జార్జ్ బాల్ అక్టోబరు 1964 నుంచి జులై 1965 దాకా వరసగా వద్దన్నాడు. ఆయన్ని తీసెయ్యలేదు, వినడమూ లేదు. వ్యతిరేక గొంతు ఒకటి గదిలో ఉందని చెప్పుకోవడానికి ఆయన ఉనికి పనికొచ్చింది. సీఐఏ అధిపతి మెకోన్ ఏప్రిల్ 2న ఇంకో వైపు నుంచి హెచ్చరించాడు. బాంబింగ్ తీవ్రత పెంచకుండా నేల మీద పని మాత్రం మారిస్తే అడవి యుద్ధంలో కూరుకుపోతామన్నాడు.

లక్ష్యమేమిటో కూడా లోపలి కాగితాల్లో స్పష్టం. 1965 మార్చి 24న రక్షణ శాఖ సహాయ కార్యదర్శి మెక్‌నాటన్ శాతాల్లో రాశాడు: అవమానకరమైన ఓటమి తప్పించుకోవడానికి 70, ఆ భూభాగం చైనా చేతికి పోకుండా 20, దక్షిణ వియత్నాం జనం మెరుగైన, స్వేచ్ఛాయుతమైన జీవితం కోసం 10. బయటి ఉపన్యాసాల్లో ఈ వరస తలకిందులుగా ఉండేది. లక్ష్యం పరువైతే ఇంక ఆగే చోటు ఉండదు, పంపిన ప్రతి సైనికుడితో పందెం పెద్దదవుతుంది.

హనోయ్ కూడా చేతులు కట్టుకుని కూర్చోలేదని మరవకండి. 1963 డిసెంబరు ప్లీనం (పార్టీ కేంద్ర కమిటీ సమావేశం)లో దక్షిణాదిన సాయుధ పోరాటం తీవ్రం చేయాలని నిర్ణయించింది, 1964 చివరి నుంచి తన రెగ్యులర్ రెజిమెంట్లను దక్షిణానికి నడిపించింది. వాషింగ్టన్ లెక్కల్లో ఎదుటివాడు కూడా మెట్లెక్కుతాడన్న అంశానికి చోటు తక్కువ.

గోదారిగట్టు

మన దగ్గరి ఉదాహరణ ఒకటి ఉంది కాబట్టి చెబుతున్నా. 1987లో శ్రీలంకలో భారత శాంతి పరిరక్షక దళం. వరస పోల్చి చూడండి. జూన్ 4న జాఫ్నా మీద విమానాల నుంచి ఆహారం జారవిడిచారు. జులై 29న ఒప్పందం, మర్నాటి నుంచి సైన్యం దిగింది. మొదట వెళ్లింది సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న 54వ పదాతి డివిజన్. అప్పగించిన పని కాల్పుల విరమణ చూడటం, ఆయుధాలు అప్పగించుకోవడం. యుద్ధానికని సన్నద్ధం చేసి పంపలేదు.

అక్టోబరు మొదట్లో పట్టుబడ్డ ఎల్‌టీటీఈ వాళ్లలో పలువురు సైనైడ్ మింగాక పరిస్థితి తెగిపోయింది. అక్టోబరు 10 నుంచి ‘ఆపరేషన్ పవన్’ మొదలైంది. శాంతి పరిరక్షణకు వెళ్లిన దళానికే జాఫ్నా పట్టణాన్ని పట్టుకునే పని. 11 రాత్రి జాఫ్నా విశ్వవిద్యాలయం మీద హెలికాప్టర్లతో దిగిన 13 సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ ప్లాటూన్‌లో 30 మందిలో 29 మంది చనిపోయారు. తర్వాత 36, 4, 57 డివిజన్లు కూడా వెళ్లాయి. చివరి దళం 1990 మార్చి 24న వెనక్కి వచ్చింది. చనిపోయినవాళ్లు దాదాపు 1,200 మంది. పెద్ద తేడా ఏమిటంటే, మన రాజ్యాంగంలో సైన్యాన్ని విదేశానికి పంపేముందు పార్లమెంటు అనుమతి తీసుకోవాలన్న నిబంధన లేదు. టోంకిన్ లాంటి తీర్మానం కూడా అవసరం పడలేదు.

తీరరేఖ

సికింద్రాబాద్ డివిజన్ సంగతి తెలియదు, ధన్యవాదాలండీ. చివరిగా ఒకటి: వియత్నాం తర్వాత అమెరికా చట్టం మార్చింది కదా, అది పనిచేస్తోందా?

పాతదస్త్రం

1973 నవంబరులో నిక్సన్ వీటోను దాటి ‘యుద్ధాధికారాల తీర్మానం’ పాసైంది. సైన్యాన్ని ఘర్షణల్లోకి పంపితే 48 గంటల్లో కాంగ్రెస్‌కు తెలపాలి. 60 రోజుల్లో అనుమతి రాకపోతే ఆపాలి, వెనక్కి తెచ్చుకోవడానికి ఇంకో 30 రోజులు.

లొసుగు ఒక్క పదంలో ఉంది. గడియారం తిరగడం మొదలయ్యేది ‘ఘర్షణలు’ ఉన్నాయని ఒప్పుకుంటేనే, ఆ మాటకు చట్టంలో నిర్వచనం లేదు. 2011లో లిబియా మీద బాంబింగ్ 60 రోజులు దాటాక ఒబామా ప్రభుత్వం ఇదే వాదించింది: నేల మీద మన సైనికులు లేరు, మనకు ప్రాణనష్టం లేదు, కాబట్టి ఇది ఆ చట్టం చెప్పే ఘర్షణ కాదు అని. దాడులు అక్టోబరు దాకా సాగాయి.

అందుకే మీరు ఏ దేశం కాగితాలు చదివినా సైనికుల సంఖ్య దగ్గర ఆగకండి. ఎవరి అనుమతి లేకుండా కాల్చొచ్చు, విమానం ఎవరు నడుపుతున్నారు, గస్తీ ఎంత దూరం పోవచ్చు, గడువు రాశారా లేదా, ఈ నాలుగూ ముందు వెతకండి. ఎన్‌ఎస్‌ఏఎం 328 దగ్గరే మొదలుపెట్టండి, ఇప్పుడు అది అందరికీ అందుబాటులో ఉంది.